మే నెలలో ఏసీ పాడైన ఇంట్లో ‘వద్దు’ అనేవాళ్ళెవరు?

ప్రశ్న: అక్కా, నమస్తే. నాది విజయవాడ. ఏసీ మెకానిక్‌ని. వయసు ముప్పై ఒకటి. పెళ్ళయింది, నాలుగేళ్ళ పాప ఉంది. కిందటేడు కెమెరా కళ్ళద్దాలు కొన్నాను. పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా నా రోజంతా ముక్కలు ముక్కలుగా తీసి, రాత్రి కూర్చుని కలిపి, ఛానల్లో పెడుతున్నాను. బాగానే చూస్తున్నారు. నాలుగో అంతస్తు సన్‌షేడ్ మీద నిలబడి ఔట్‌డోర్ యూనిట్ దించిన వీడియో అన్నిటికంటే ఎక్కువ ఆడింది. నెలకి పది పన్నెండు వేలు వస్తున్నాయి. ఏసీల పనుండని చలికాలంలో ఇంటద్దె దాంతోనే గడిచింది.

మే నెలలో ఒకరింటికి సర్వీసుకి వెళ్ళాను. వాళ్ళ నాన్నగారు ఆపరేషన్ అయి మంచం మీద ఉన్నారు. ఒంటిమీద తువ్వాలు, పక్కన యూరిన్ బ్యాగు. నా వీడియోలో ఆయన కొన్ని సెకన్లే కనపడ్డారు. నాలుగు రోజుల తర్వాత వాళ్ళమ్మాయి ఫోన్ చేసి ఏడ్చింది, తిట్టింది, కేసు పెడతానంది. నాకు అర్థం కాలేదక్కా. కామెంట్లలో ఒక్కరూ చెడ్డగా రాయలేదు, అందరూ ‘తాతగారు త్వరగా కోలుకోవాలి’ అనే పెట్టారు. నేను దొంగచాటుగా తీయలేదు, కళ్ళద్దాలకి లైటు వెలుగుతుంది. ఎవరైనా వద్దంటే తియ్యను కూడా. ఇది నేరమా?

ఇంట్లో మా ఆవిడ ఈమధ్య ‘కళ్ళద్దాలు తీసి మాట్లాడండి’ అంటోంది. పాపకి మాత్రం సరదా. ఏడుస్తూ ఉన్నా లైటు కనపడితే ‘హాయ్ ఫ్రెండ్స్’ అంటుంది. నా బతుకు నేను చూపించుకోవడం తప్పా? మానెయ్యాలా?

(ఆ కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు ఉత్తరంలోంచి తీసేశాం.)

సమాధానం:

తమ్ముడూ,

నువ్వడిగినవాటికి జవాబు చెప్పేముందు జరగాల్సిన పని ఒకటుంది. ఆ వీడియో ఇంకా ఛానల్లో ఉంటే ఈ పూటే తీసెయ్. ‘ప్రైవేట్’లో పెట్టి నాలుగు రోజులు చూద్దామనుకోకు, డిలీట్ చెయ్యి. అందులోంచి కత్తిరించి పెట్టిన షార్ట్, ఇన్‌స్టాలో రీల్, వాట్సాప్ గ్రూపుల్లోకి పంపిన ముక్క, ఫోన్లోనూ క్లౌడ్లోనూ దాచుకున్న అసలు ఫైలు, అన్నీ పోవాలి. యూట్యూబ్ స్టూడియోలో కొంత భాగం కత్తిరించే వీలుంది, ముఖాలు మసక చేసే వీలుంది. వేరే వీడియోలకి అవి పనికొస్తాయి. దీనికి వద్దు. ఆ మంచం, ఆ గది తెలిసినవాళ్ళకి ముఖం మసకేసినా మనిషెవరో తెలిసిపోతుంది.

ఆ తర్వాత ఆవిడకి ఫోన్ చెయ్యి. ‘తీసేశానమ్మా, ఎక్కడెక్కడ పెట్టానో అన్నీ తీసేశాను, తప్పయింది’ అని చెప్పు. ‘నాకు చెడు ఉద్దేశం లేదు’ అని మొదలుపెట్టకు. అది నిజమే, కానీ ఆ మాట అన్న క్షణం నుంచీ సంభాషణ నీ గురించి అయిపోతుంది. ఆవిడ ఒప్పుకుంటే వెళ్ళి పెద్దాయనకే చెప్పు. నలుగురికీ కనపడింది ఆయన. కళ్ళద్దాలు ఇంట్లో పెట్టి వెళ్ళు. క్షమాపణ వీడియో మాత్రం చెయ్యకు. చూడనివాళ్ళు కూడా ‘ఏ వీడియో అది?’ అని వెతకడం మొదలుపెడతారు.

మంచి కామెంట్లే వచ్చాయి కదా, ఎందుకంత బాధ అన్నావు. ఆయన స్థానంలో నిన్ను ఊహించుకో. ఒంట్లో బాగున్నన్నాళ్ళూ చొక్కా గుండీలు పెట్టుకోకుండా వీధి గుమ్మంలోకి రాని తరం ఆయనది. ఇప్పుడు లేవలేని స్థితిలో, తువ్వాలుతో, పక్కన ఆ సంచీతో తనని ఎవరు చూడొచ్చో ఆయనకంటూ ఒక లెక్క ఉంటుంది. భార్య, కూతురు, డ్రెస్సింగ్ మార్చే నర్సు, పరామర్శకి వచ్చిన తమ్ముడు. ఏసీ బాగుచెయ్యడానికి వచ్చిన నిన్ను కూడా ఒప్పుకున్నారు. నీ వెనకాల ఉన్న వేలమందిని ఒప్పుకోలేదు, వాళ్ళున్నారనే తెలియదు. ముక్కూమొహం తెలియని జనం తన మీద జాలిపడుతున్నారని తెలిస్తే, తిట్టినదానికంటే ఎక్కువ కుంగిపోయే మనుషులుంటారు.

ఇక నేరమా అన్న ప్రశ్న. నేను లాయర్ని కాను. నోటీసు వస్తే ఒక లాయరును కలవాల్సిందే. నాకు తెలిసినంతలో చెబుతాను. ఐటీ చట్టంలో 66ఇ సెక్షన్ ఉంది. మనిషి శరీరంలోని గుప్త భాగాలను అనుమతి లేకుండా తీసినా, పంచినా మూడేళ్ళ దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పెద్దాయన ఒంటిమీద తువ్వాలు ఉంది కాబట్టి నీ వీడియో బహుశా దాని కిందికి రాదు. కానీ ఆ ‘బహుశా’కి ఎంత అంచున నిలబడ్డావో చూడు. ఆ తువ్వాలు కొంచెం పక్కకి జరిగి ఉంటే?

పైగా నువ్వు రోజూ వెళ్ళేది పడకగదుల్లోకి. ఏసీ ఉండేది అక్కడే, దాని పక్కనే అటాచ్డ్ బాత్‌రూమ్ తలుపు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్, ఎవరూ చూడరన్న నమ్మకంతో తన ఏకాంతంలో ఉన్న స్త్రీని చూడటం, చిత్రించడం, ఆ చిత్రాన్ని పంచడం గురించి. మొదటిసారి రుజువైతే ఏడాదికి తగ్గకుండా మూడేళ్ళ దాకా, మళ్ళీ చేస్తే మూడు నుంచి ఏడేళ్ళ దాకా శిక్ష. నీ మనసులో అలాంటిది లేదని నీ ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. అయినా ఒక తలుపు అనుకోకుండా తెరుచుకున్న రోజున నీ కళ్ళద్దాల్లో ఏం రికార్డయిందో అది ఉంటుంది. నీ మనసులో ఏముందో స్టేషన్లో, కోర్టులో నువ్వు చెప్పుకుంటూ తిరగాలి. పెళ్ళాం బిడ్డలున్నవాడివి, అంత దూరం తెచ్చుకోకు.

నేరం దాకా వెళ్ళకపోయినా ఊరుకునే విషయం కాదిది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా చెప్పింది. అది ప్రభుత్వం మీద వేసిన కేసులో తీర్పే అయినా, ఆ తర్వాత 2023లో మామూలు మనుషులకీ కంపెనీలకీ కూడా వర్తించే వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నిబంధనలు వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకి ఏడాదిన్నర గడువిచ్చారు. సొంతానికీ ఇంటి అవసరానికీ దాచుకునే వాటికి ఆ చట్టంలో మినహాయింపు ఉంది. నీ పాప పుట్టినరోజు వీడియో నీ ఫోన్లో ఉంటే ఎవరూ అడగరు. నెలనెలా డబ్బు తెచ్చే ఛానల్లో ఇంకొకరి పడకగది పెట్టి, ఇది నా సొంతానికే అంటే నిలబడుతుందని ధీమాగా ఉండకు.

లైటు వెలుగుతుంది కదా అన్నావు. ఇలాంటి కళ్ళద్దాల్లో పేరున్న రే-బాన్ మెటా మన దేశంలోకి అధికారికంగా వచ్చింది 2025 మేలో, రూ.29,900 నుంచి. నువ్వు వెళ్ళే ఇళ్ళల్లో ఎంతమందికి ఆ ఫ్రేమ్ మూలనున్న చుక్కంత దీపం చూసి ‘రికార్డవుతోంది’ అని అర్థమవుతుంది? మంచం మీదున్న పెద్దాయనకి అర్థమవుతుందా? తెలిసినవాళ్ళకి ఇంకో భయం. ఆ దీపం వెలగకుండా మార్చి అమ్మేవాళ్ళున్నారని వార్తలొచ్చాయి కాబట్టి, వెలగకపోయినా నమ్మకం కుదరదు. 2025లోనే అయోధ్య రామాలయంలో, తిరువనంతపురం పద్మనాభస్వామి గుడిలో కెమెరా కళ్ళద్దాలతో లోపలికి వెళ్ళినవాళ్ళను పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. అక్కడ కనిపెట్టే కాపలావాళ్ళున్నారు. మామూలు ఇంట్లో ఎవరున్నారు? ఆ దీపం చెప్పేదల్లా తీస్తున్నానని. తియ్యనా అని అది అడగదు.

‘వద్దంటే తియ్యను’ అన్నావు చూడు, నీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట అది. ఎవరంటారు తమ్ముడూ వద్దని? విజయవాడ ఎండలు నాకంటే నీకే బాగా తెలుసు. రాత్రి పదింటికి కూడా గోడలు సెగలు కక్కుతుంటాయి. కూలింగ్ రాక, ఇంట్లో రోగికో పసిబిడ్డకో నిద్రలేక, నీకు పదిసార్లు ఫోన్ చేసి, ఎట్టకేలకు వచ్చావనుకుంటారు. నువ్వు స్టూలెక్కి ప్యానెల్ విప్పి, కళ్ళద్దాలతో తిరిగి చూస్తూ ‘వీడియో తీసుకోనా అమ్మా’ అంటే, ఆవిడ తీసుకోమనే అంటుంది. కాదంటే పని సరిగ్గా చెయ్యవేమోనని, మళ్ళీ పిలిస్తే రావేమోనని. నువ్వలాంటివాడివి కాదు, కానీ ఆవిడకి ఆ సంగతి తెలియదు. మన అవసరంలో ఉన్న మనిషి ఇచ్చే ‘సరే’ మీద వీడియో కట్టకూడదు.

కాబట్టి ముందే అడుగు, ఫోన్లో అడుగు. పని మాట్లాడి, టైము చెప్పి, రేటు చెప్పేశాక చివర్లో ఇలా అను: ‘నేను ఏసీ రిపేర్ల మీద వీడియోలు చేస్తుంటానండి. మీ ఇంట్లో వద్దంటే తియ్యను, పనిలో రేటులో తేడా ఉండదు. తీస్తే మిషను ఒక్కటే తీస్తాను, పెట్టేముందు మీకు పంపుతాను.’ అని ఊరుకో, బతిమాలకు. చాలామంది వద్దంటారు. అనని ఇళ్ళు ఒకటో రెండో ఉన్నా నెలకి సరిపడా వీడియోలొస్తాయి. ఇంకో సంగతి, ఇంటాయన సరే అన్నంతమాత్రాన వంటింట్లో ఉన్నావిడ సరే అన్నట్టు కాదు, గిన్నెలు తోముతున్న మనిషి సరే అన్నట్టు అసలు కాదు.

ఒప్పుకున్న ఇంట్లో కూడా కళ్ళద్దాలు పెట్టుకుని తియ్యొద్దు. నీకు అలవాటైపోయి గమనించావో లేదో, వాటితో ఒక చిక్కుంది. నీ తల ఎటు తిరిగితే కెమెరా అటు తిరుగుతుంది. ‘బాబూ, మజ్జిగ తాగు’ అని ఎవరో పిలుస్తారు, నువ్వు మర్యాదగా తిరుగుతావు, ఆ తల్లి వీడియోలోకి వచ్చేస్తుంది. నిన్ను ఆదరించినవాళ్ళే ముందు పడతారు. ఫోన్‌కి ఒక స్టాండు కొనుక్కో. కెమెరా యూనిట్ మీదికి, నీ చేతుల మీదికి బిగించి పెట్టు. మాటలు తర్వాత ఇంటి దగ్గర కూర్చుని చెప్పుకో, గదిలో శబ్దం తీసెయ్. ఆ శబ్దంలో ఏముంటాయో ఎప్పుడైనా జాగ్రత్తగా విన్నావా? సర్వీసు ముగించడానికి కస్టమర్ చదివే ఓటీపీ, ఫోన్ నంబరు, ‘శనివారం దాకా ఊళ్ళో ఉండం’ అని పక్కింటావిడతో అన్న మాట. కళ్ళద్దాల్లోంచైతే వాళ్ళు యూపీఐ పిన్ కొట్టడం, తలుపుకున్న నంబరు లాక్ తియ్యడం కూడా కనపడుతుంది. వీడియో పెట్టడం కూడా ఏ రోజుకారోజు వద్దు, కొన్నాళ్ళు ఆగి పెట్టు.

ముఖం కనపడితే ఏమవుతుందిలే అనే రోజులు పోయాయి. 2024లో అమెరికాలో హార్వర్డ్ విద్యార్థులిద్దరు ఈ రకం కళ్ళద్దాలకే ముఖాలను వెతికే వెబ్‌సైటు జతచేసి, దారినపోయే కొత్త మనుషుల పేర్లు, చిరునామాలు నిమిషాల్లో రాబట్టి చూపించారు. ప్రమాదం ఎంతుందో జనానికి తెలియాలని చేసిన పని అది, అందుకే ఆ ప్రోగ్రామ్ బయట పెట్టలేదు. చేయగలిగినవాళ్ళు వాళ్ళిద్దరే అనుకోవడానికి లేదు.

బండి మీద వెళ్తూ తీసేవాటి గురించి ఎక్కువ చెప్పను. రోడ్డు అందరిదీ, కాలవగట్టు మీది ట్రాఫిక్ చూపిస్తే ఎవరికీ నష్టం లేదు. దెబ్బలు తగిలి పడినవాళ్ళను మాత్రం పెట్టకు.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వస్తాను. నా బతుకు నేను చూపించుకోవడం తప్పా? కాదు. తప్పు కాకపోగా, నీలాంటివాళ్ళ రోజు నలుగురికీ కనపడాలని నేను గట్టిగా నమ్ముతాను. చల్లగా కూర్చుని యాభై రూపాయల దగ్గర బేరమాడేవాళ్ళకి, ఆ చల్లదనం కోసం ఒక మనిషి మిట్టమధ్యాహ్నం నాలుగో అంతస్తు సన్‌షేడ్ మీద ఎలా నిలబడతాడో తెలియాలి. ఆ వీడియోలో నీ నడుముకి బెల్టు ఉందా? నీ ఉత్తరంలో ఆ మాట లేదు. లేకపోతే ఇకమీదట బెల్టూ తాడూ లేకుండా ఎక్కకు. చూసి నేర్చుకునే కుర్రాళ్ళున్నారు, వాళ్ళు కూడా అలాగే ఎక్కుతారు.

రోజంతా కెమెరా తగిలించుకుని బతుకంతా జనం ముందు పెట్టినవాళ్ళు నీకంటే ముందు కొందరున్నారు. వాళ్ళకేమైందో చెబుతాను, నీకు పనికొస్తుంది. కెనడాకి చెందిన స్టీవ్ మాన్ అమెరికాలో ఎంఐటీలో చదువుతూ 1994లోనే తలకి కెమెరా తగిలించుకుని, తాను చూసేదల్లా ఇంటర్నెట్లోకి పంపాడు. 1996లో జెన్నిఫర్ రింగ్లీ అనే కాలేజీ అమ్మాయి తన హాస్టల్ గదిలో కెమెరా పెట్టి ఉన్నదున్నట్టు చూపించింది, లోకమంతా చూసింది, 2003 చివర్లో మూసేసి ప్రజల కంటికి దూరంగా వెళ్ళిపోయింది. నీకు బాగా దగ్గరగా ఉండేది జస్టిన్ కాన్ కథ. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఈ కుర్రాడు 2007 మార్చిలో టోపీకి కెమెరా బిగించుకుని, నిద్రతో సహా ఇరవైనాలుగ్గంటలూ జస్టిన్ టీవీ అనే తన సైటులో లైవ్ పెట్టాడు. ఆకతాయిలు పోలీసులకి అబద్ధపు ఫోన్ చేసి వాళ్ళను అతనింటి మీదికి రప్పించారు. కొన్ని నెలలకి టోపీ తీసేశాడు. కానీ ఆ సైటు చావలేదు. ఎవరైనా లైవ్ పెట్టుకునేలా మార్చారు, వీడియో గేములు ఆడుతూ చూపించేవాళ్ళ దగ్గర జనం గుమిగూడారు, 2011లో దాన్ని ట్విచ్ అని విడిగా పెట్టారు, 2014లో అమెజాన్ దాన్ని దాదాపు 97 కోట్ల డాలర్లకి కొనుక్కుంది.

అంటే అతని అన్నం, నిద్ర, స్నేహితులతో కబుర్లు చూడటానికి వచ్చిన జనం నిలవలేదు. ఒక విద్య తెలిసినవాడు ఆ విద్య చేస్తుంటే చూడటానికి వచ్చినవాళ్ళు నిలిచారు. నీ వీడియోల్లో ఎక్కువ ఆడినది ఏదని చెప్పావు? పాపదో, మీ ఇంటి భోజనానిదో కాదు. ఔట్‌డోర్ దించినది.

ఇక ఇంటి సంగతి. కస్టమర్‌ది ఒక్క రోజు బాధ, ఇది రోజూ ఉండేది కాబట్టి దీన్నే ముఖ్యమనుకుంటున్నాను.

‘కళ్ళద్దాలు తీసి మాట్లాడండి’ అని మీ ఆవిడ అన్నప్పుడు ఆమె వీడియో ఆపమని మాత్రమే అడగడం లేదు. దీపం ఆరినా, అవి నీ మొహాన ఉన్నంతసేపూ తాను మాట్లాడుతున్నది నీతోనా, నీ వెనకున్న జనంతోనా ఆమెకి తేలడం లేదు. కూరలో ఉప్పు ఎక్కువైందని నువ్వంటే అది మొగుడి మాటా, రేపటి వీడియోలో ముక్కా? గేటు దగ్గర కొరియర్ అబ్బాయి పిలిస్తేనే నైటీ మీద చున్నీ వేసుకుని వెళ్తారు మన ఆడవాళ్ళు. ఆమెకి తన సొంత వంటింట్లో ఆ చున్నీ తీసే వేళ లేకుండా పోయింది. ఇంకా చూడు. ఆమె పుట్టింటివాళ్ళు చూస్తారు, నీ తోడల్లుడు చూస్తాడు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చూస్తాడు. పొద్దున మీరిద్దరూ కసురుకున్నది సాయంత్రానికి వాళ్ళకి తెలుస్తుంది, నువ్వు కత్తిరించినా ఆమె మొహంలో మిగిలిపోతుంది. ఇన్నాళ్ళూ ఆమె ఒప్పుకుందని అనుకుని ఉంటావు. అద్దెకి ఆ డబ్బే కదా అని నోరు మూసుకుని ఉంటుంది. కస్టమర్ విషయంలో చెప్పినదే ఇక్కడా వర్తిస్తుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమెతో కూర్చో. ఇప్పటిదాకా పెట్టినవన్నీ ఇద్దరూ చూడండి. ఏది ఉండాలో ఏది పోవాలో ఆమె చెప్పాలి. ఎందుకని అడగకు, ‘దీనికి లక్ష వ్యూస్ ఉన్నాయి’ అనకు. ఆమె తీసెయ్యమన్నది తీసెయ్. ఇకనుంచి ఆ కళ్ళద్దాలు పనిసంచీలో ఉండాలి, ఇంట్లోకి రాకూడదు. చూపు కోసమే వాడుతుంటే ఇంటికి మామూలు అద్దాలు చేయించుకో, కెమెరా కళ్ళద్దాల ధరలో చిన్న వంతు కూడా కాదు.

పాప గురించి రాయడానికి నాకు కష్టంగా ఉంది. ఏడుస్తూ ఉన్న పిల్ల లైటు చూసి ‘హాయ్ ఫ్రెండ్స్’ అంటే నీకు సరదాగా కనపడింది. నేను చదివి చాలాసేపు ముందుకి పోలేకపోయాను. నాలుగేళ్ళ పిల్ల ఏడుపు నాన్న కోసం. ఎత్తుకోమని, దెబ్బ చూడమని, అడిగింది ఇవ్వమని. ఆ ఏడుపు మధ్యలో దీపం వెలిగితే దాన్ని మింగేసి నవ్వు మొహం పెట్టాలని ఆ పిల్ల నేర్చుకుంది. నువ్వు నేర్పలేదు, ఏ దీపం వెలిగినప్పుడు నాన్న తనని మురిపెంగా చూస్తున్నాడో గమనించి తనే నేర్చుకుంది. ఇది పెద్ద జబ్బని భయపెట్టను. ఆ వయసు పిల్లలు నేర్చినంత తొందరగానే మరిచిపోతారు కూడా. దీపం లేకుండా, ఏడ్చినప్పుడు ఏడవనిచ్చి ఎత్తుకో. కొన్నాళ్ళకి పోతుంది.

కానీ ఛానల్లో ఉన్నవి వాటంతటవి పోవు. స్కూలు యూనిఫాం, వ్యాను వచ్చే టైము, స్నానం చేయిస్తున్న దృశ్యం, ఇలాంటివి ఒక్కటి కూడా ఉండకూడదు. నా మాట వింటే పాప ఉన్నవి మొత్తం తీసెయ్. ఫ్రాన్సులో 2024లో ఒక చట్టమే తెచ్చారు. బిడ్డ చిత్రాల విషయంలో హక్కు బిడ్డది, దాన్ని కాపాడే బాధ్యత తల్లిదండ్రులిద్దరిదీ కలిపి. మన డేటా చట్టంలో పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళ వివరాలకి తల్లిదండ్రుల అనుమతి కావాలని ఉంది. మరి తీసేదే తండ్రి అయితే ఆ పిల్ల తరఫున వద్దనడానికి ఎవరున్నారు? నువ్వే అనాలి, లేదా మీ ఆవిడ అంటే వినాలి.

తియ్యడమే మానెయ్యమని చెప్పడం లేదు. మైక్రోసాఫ్ట్ వాళ్ళ కేంబ్రిడ్జ్ పరిశోధనశాలలో సెన్స్‌క్యామ్ అని మెడలో వేసుకునే చిన్న కెమెరా తయారుచేశారు, తనంతట తానే ఫోటోలు తీస్తుంటుంది. మెదడు జబ్బుతో జ్ఞాపకశక్తి దెబ్బతిన్న ఒక ఇంగ్లిష్ ఆవిడ ఆ ఫోటోలను భర్తతో కలిసి మళ్ళీ మళ్ళీ చూసుకుంటే, డైరీ రాసి చదువుకున్నప్పటికంటే ఎక్కువ గుర్తుపెట్టుకోగలిగిందని అక్కడి ఆసుపత్రివాళ్ళు రాశారు. ఆ ఫోటోలు చూసింది ఆవిడ, ఆవిడ మొగుడు, వైద్యులు. మీ పాప నడక, మాటలు, పండక్కి కట్టిన పట్టుపావడా ఫోన్‌తో తియ్యి, ఒక హార్డ్‌డిస్కులో వేసి ఇంట్లో పెట్టు. అమ్మమ్మ వచ్చినప్పుడు టీవీకి తగిలించి చూపించు.

డబ్బు గురించి. పది పన్నెండు వేలు చిన్న మొత్తం కాదు, చలికాలంలో అద్దె కట్టిన డబ్బు. నేను చెప్పినట్టు చేస్తే కొన్ని నెలలు తగ్గుతుంది, ఆ సంగతి దాచను. మీ ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ళు వెళ్ళిపోతారు. వెళ్ళనియ్యి.

వాళ్ళ స్థానంలో వచ్చేవాళ్ళకి నీ దగ్గర చెప్పాల్సింది చాలా ఉంది. మొట్టమొదట గ్యాస్ మీద చెయ్యి. ఏటా వేసవికి ముందు ‘గ్యాస్ తగ్గింది, ఎక్కించాలి’ అని వేలు గుంజేవాళ్ళున్నారు. అది బండిలో పెట్రోల్లా ఖర్చయ్యేది కాదని, మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుందని, తగ్గిందంటే ఎక్కడో లీకుందని, ఆ లీకు పట్టకుండా ఎక్కిస్తే మళ్ళీ పోతుందని తెలుగులో ఓపిగ్గా చూపించు. గ్యాస్ ఎక్కించేముందు వ్యాక్యూమ్ పంపు ఎందుకు పెట్టాలో, పెట్టకపోతే లోపల మిగిలిన గాలీ తేమా ఏం చేస్తాయో చూపించు. కొత్త ఏసీల్లో వచ్చే ఆర్-32 గ్యాస్‌కి కొద్దిగా మండే గుణం ఉందని, పాత ఆర్-22 అలవాటుతో దాని దగ్గర నిప్పు వాడితే ఏమవుతుందో పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకి చెప్పు. ఇండోర్‌లోంచి నీళ్ళు కారితే మెకానిక్‌ని పిలిచేముందు ఇంట్లోవాళ్ళు చూసుకోగలిగింది ఏమిటో, 2020 నుంచి స్టార్ లేబుల్ ఏసీలు 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా ఎందుకు పెట్టారో, కెపాసిటర్ పోయిందా కంప్రెసర్ పోయిందా అన్నది కస్టమర్ ముందే తేల్చి చూపించడం ఎలాగో. వీటిలో ఒక్కదానికీ ఎవరి పడకగదీ అక్కర్లేదు.

నవంబరు నుంచి జనవరి దాకా నీకు ఎలాగూ పనుండదు. తుక్కు కింద కొన్న పాత యూనిట్లు రెండు షాపులో బల్ల మీద పెట్టుకో. స్ప్లిట్ ఒకటి, విండో ఒకటి ఉంటే మంచిది. కరెంటు తీసేసి, ఒక్కో పార్టు విప్పుతూ ఒక్కో వీడియో చెయ్యి. ఐటీఐలో చదివే పిల్లలు ఆ వీడియోలు మళ్ళీ మళ్ళీ చూస్తారు, నీకు పనిలో సాయానికి కుర్రాడు కావాల్సి వచ్చినప్పుడు కూడా వాళ్ళలోంచే దొరకొచ్చు.